ఎవరూ లేని ఇంట్లో రెండో కప్పు

ఆయన చేసే ఉద్యోగం ఏమిటో వీధిలో ఎవరికీ సరిగ్గా తెలియదు. సైట్లు చూస్తాడని విని, ఇంటి స్థలాలు అమ్ముతాడేమోననుకుని ఒకరిద్దరు బేరానికి కూడా వచ్చి టీ తాగి వెళ్లారు. అప్పటినుంచీ ఆయన సైటాయనే.

నిజానికి ఆయన చూసేది ఒక వీడియో గేమ్ వెబ్‌సైటు. ఆయన పనిచేసే కంపెనీ ‘ఎవరూ లేని ఇల్లు’ అనే గేమును భాగాలు భాగాలుగా విడుదల చేస్తూ ఉంటుంది. ప్రతి భాగానికీ ముందుగా ఒక అధికారిక సైటు పెడతారు. కొత్త భాగం వస్తోంది, కాచుకుని కూర్చోండి అని చాటింపు వేయడం దాని పని. ఆ డప్పు సైటాయన మెడలో ఉంటుంది.

ఆ గేములో తుపాకులుండవు, పరుగులుండవు. ఆడేవాళ్లు ఒక ఖాళీ ఇంట్లోకి అడుగుపెడతారు. అక్కడ వదిలేసిన చెప్పులు, పళ్లు ఊడిన దువ్వెన, సగం తాగిన గ్లాసు చూసి ఆ ఇంట్లో ఎవరుండేవారో, ఏం జరిగిందో కనిపెట్టాలి. అంతే. ఆ మాత్రానికే అన్నం నీళ్లు మానేసి కూర్చునేవాళ్లు లోకంలో బోలెడంతమంది ఉన్నారు. సైటాయన మాత్రం మొదటి భాగంలో వంటింటి గడప దాటలేకపోయాడు. చక్కెర డబ్బా మూత తీస్తే దారి తెలుస్తుందట; ఆయనకు ఆ మూతే రాలేదు. ఈ సంగతి ఆఫీసులో ఇప్పటికీ ఎవరికీ తెలియదు.

కంపెనీలో ఒక ఆనవాయితీ ఉంది. సైటు కూడా గేములాగే ఉండాలి, చూసేవాడు బుర్ర గోక్కునేలా చేయాలి. ఒక భాగానికి ఎంత తట్టినా తెరుచుకోని తలుపు పెట్టారు. ఇంకో భాగానికి ఒక చీకటి మెట్లదారి. కొత్త భాగానికి ఏం పెడదామా అని అందరూ తలలు పట్టుకున్నప్పుడు సైటాయన నోరు విప్పాడు.

“నిజం గది పెడదామండి. గీసింది కాదు. రోజుకో ఫోటో. కిటికీ గట్టు మీద ఒక తాళంచెవి ఉంటుంది. అది రోజూ వెంట్రుకవాసి జరుగుతూ, విడుదల రోజుకి బల్ల సొరుగు దగ్గరికి చేరుతుంది.”

మేనేజరమ్మ ఆయనకన్నా వయసులో బాగా చిన్నది. కాసేపు పెన్ను కొరికి, “గది ఎక్కడ దొరుకుతుంది?” అంది.

“మా ఇంట్లోనే ఉందండి,” అన్నాడు సైటాయన.

ఆ గది ఆయన మేనత్తది. సైటాయనా భార్యా మేడ మీద ఉంటారు. కింద, వీధివైపు గదిలో మేనత్త ఉంటుంది. పెళ్లి కుదరాల్సిన వయసులో ఆవిడకు కుట్టుమిషను కుదిరింది. ఆ తరవాత ఇంకేదీ కుదుర్చుకోలేదు. ఒకప్పుడు అదే గదిలో కొట్టు పెట్టి వీధి వీధంతటికీ బట్టలు కుట్టింది. సైటాయన బడికి వేసుకెళ్లిన చొక్కాలన్నీ ఆవిడ చేతివే. పెరుగుతాడని ఎప్పుడూ ఒక అంగుళం ఎక్కువే వదిలేది. ఇప్పుడు చూపు ఆనక, తెలిసినవాళ్లకు బొత్తాలు కుట్టిపెట్టడంతో సరిపెడుతోంది. గదిలో మిషను, బొత్తాల డబ్బాలు, ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడ మీద ఏనాడో ఆగిపోయిన గడియారం. బట్టలు ఎప్పటికి ఇస్తావని అడిగేవాళ్లు లేకపోయాక దానికి మాత్రం ఏం పని ఉంది, అనేది ఆవిడ.

“అత్తా, నీ గదిలో ఫోటో తీసుకుంటాం. మా కంపెనీకి.”

“నాదా?”

“నీది కాదు. గదిది.”

“ఉండు మరి, ఆ బట్టముక్కలు ఊడ్చేస్తా.”

“వద్దొద్దు. అలాగే ఉండాలి.”

“ఊడవని గది చూపించి గేములు అమ్ముకుంటారా? బాగుంది నాయనా మీ వ్యాపారం.”

అలా బొత్తాల డబ్బాల మధ్య, అలమర పైఅరలో ఒక చిన్న కెమెరా వచ్చి కూర్చుంది. ఫోటో అంటే ఒక ఫోటో అనుకుంది మేనత్త. రోజుకొకటి, గేము విడుదలయ్యేదాకా, అని సైటాయన చెప్పి ఉండాల్సింది. చెబుదామనే నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే ఆవిడ “టీ తాగుతావా” అంది. తాగాడు. మాట అక్కడ తెగిపోయింది, మళ్లీ అతుక్కోలేదు. చిన్నప్పటినుంచీ వాడు ఎక్కడి వస్తువు అక్కడే పడేసి పోయే రకం కాబట్టి, కెమెరా కూడా మరిచిపోయి ఉంటాడని ఆవిడ అనుకుంది. అప్పుడప్పుడూ బట్టముక్కతో దాని దుమ్ము కూడా దులిపేది. మిషనుకి నూనె వేసిన బట్టతో తుడిచిన రోజున ఫోటో అంతా మసకమసకగా వచ్చింది. ఇంట్లో పొగ కమ్ముకుందని, ఎక్కడో ఏదో కాలుతోందని అభిమానులు రెండు రోజులు కొట్టుకు చచ్చారు.

ఫోటోలో మనిషి పడకూడదు కదా, అందుకని మేనత్త కూరగాయలకి బజారుకెళ్లే వేళకి కెమెరా దానంతటది ఫోటో తీసి సైటులో పెట్టేలా ఏర్పాటు చేశాడు. రోజూ ఆఫీసుకెళ్లే ముందు కిందికి దిగి, “ఏంటత్తా విశేషాలు” అంటూ కిటికీ గట్టు దగ్గర నిలబడి, ఆవిడ అటు తిరగ్గానే తాళంచెవిని గోటితో కాస్త జరిపేవాడు. రోజూ తప్పకుండా వచ్చి పలకరిస్తున్న మేనల్లుణ్ణి చూసి మేనత్తకి బెంగ పట్టుకుంది. “మీ ఆయనకి ఒంట్లో బాగానే ఉంటోందా?” అని కోడలిని చాటుగా అడిగింది కూడా.

సైటుకి జనం విరగబడి వచ్చారు. ఫోటో కింద ఎవరికి తోచింది వాళ్లు రాసుకునే చోట రోజంతా జాతరే. సైటాయన ఆఫీసులో కూర్చుని, తన తాళంచెవి గురించి ఎవరేమన్నారా అని వెతికేవాడు. ఒక్కడూ ఏమీ అనలేదు. తాళంచెవిని చూసినవాడే లేడు.

వాళ్లు చూసింది కప్పుల్ని.

‘గూట్లో పిల్లి’ అనే మారుపేరుతో రాసే ఒక అభిమాని ముందుగా పట్టుకుంది. “ఈ బల్ల మీద రోజూ ఒక్క కప్పే ఉంటుంది. వారానికి ఒక్క రోజు మాత్రం రెండు. ఎప్పుడూ అదే రోజు. గమనించారా?”

దాని కింద ‘మూడో మెట్టు’ అనే ఇంకొకతను: “ఆ రోజున ఎదుటి కుర్చీ కిటికీ వైపు తిరిగి ఉంటుంది. వచ్చే మనిషికి వెలుతురు కావాలి.”

“రోజూ ఉండే కప్పుకి అంచు పెచ్చూడింది. రెండో కప్పు కొత్తది. ఇంటామె పెచ్చుది తను ఉంచుకుని మంచిది వచ్చినవాళ్లకి ఇస్తోంది.”

“గడియారం చూడండి. మొదటి ఫోటోల్లో ముళ్లు కదలనే లేదు, వేళకి పొంతనే లేదు. రెండో కప్పు వచ్చిన రోజునుంచీ కరెక్టు టైము చూపిస్తోంది.”

సైటాయన కుర్చీలో నిటారుగా అయ్యాడు. పాత ఫోటోలన్నీ తెరిచి పక్కపక్కన పెట్టుకున్నాడు. నిజమే. గడియారం నడుస్తోంది. రోజూ ఆ గదిలోకి వెళ్లి వస్తున్నాడు, అదే గోడ పక్కన నిలబడుతున్నాడు, చెవులున్నాయి, టిక్కుటిక్కు వినలేదు. తాళంచెవి గొడవలో పడి.

అంతలో మేనేజరమ్మ వచ్చి ఆయన బల్ల మీద చేయి వేసింది. “రెండో కప్పు ఐడియా చాలా బాగుంది. ఎవరిదది?”

“అది... ఇప్పుడే చెబితే బాగోదండి,” అన్నాడు సైటాయన.

“నాక్కూడానా?”

“ఎవరికైనా సరే.”

ఆవిడ మెచ్చుకోలుగా తలూపి వెళ్లిపోయింది. సైటాయన చెమట తుడుచుకుని మళ్లీ ఫోటోల్లో తల దూర్చాడు. ఇంతకుముందు ఆయనకి గేముల మీద లేని ఆసక్తి ఇప్పుడు సొంత ఇంటి మీద పుట్టుకొచ్చింది. భోజనానికి లేవలేదు. చక్కెర డబ్బా మూత దగ్గర ఓడిపోయిన మనిషి, కిటికీ గట్టు మీది నల్లటి బిళ్లలాంటి వస్తువు ఏమిటా అని ఫోటోని పెద్దది చేసి చేసి చూశాడు. సీసా మూత అన్నారు కొందరు. కాదు, బొత్తాం అన్నారు ఇంకొందరు. చివరికి గూట్లో పిల్లే తేల్చింది.

“అది కంటికి పెట్టుకునే భూతద్దం. వాచీలు బాగుచేసేవాళ్లు వాడతారు. ఈ ఇంటికి వచ్చేది గడియారాలాయన.”

వీధి మొదట్లో వాచీల కొట్టు ఉంది. వారానికో రోజు సెలవు. ఆ రోజేదో చెప్పడానికి సైటాయనకి ఏ పిల్లీ అక్కర్లేకపోయింది.

సాయంత్రం మేడెక్కుతూనే భార్యని వంటింట్లో పట్టుకున్నాడు. “మా అత్త దగ్గరికి ఆ వాచీలాయన వస్తున్నాడు, తెలుసా నీకు?”

ఆవిడ గిన్నె తోముతూ తల తిప్పలేదు. “మీకు తెలియదా?”

“అంటే నీకు తెలుసా?”

“వీధిలో అందరికీ తెలుసు. మీతో ఎవరూ అనలేదంటే, మీకూ తెలుసుననుకుని ఉంటారు.”

“ఏం చేస్తారు అక్కడ?”

“ఏం చేస్తారండీ, టీ తాగుతారు. ఆయన పాత వాచీలు తెచ్చి విప్పుకుంటాడు, ఈవిడ బొత్తాలు కుట్టుకుంటుంది. తరవాత ఇద్దరూ బజారుకెళ్లి కూరలు తెచ్చుకుంటారు. ఆవిడ సంచీ ఆయన పట్టుకుంటాడు. ఇంతకీ మీకెవరు చెప్పారు?”

సైటాయన గ్లాసుడు నీళ్లు తాగి, “గూట్లో పిల్లి,” అన్నాడు. ఆవిడ అప్పుడు తల తిప్పింది.

వారం తిరిగి కొట్టుకి సెలవు రోజు వచ్చింది. ఆ రోజు ఫోటోలో ఒక్క కప్పే ఉంది. మంచి కప్పు కడిగి బోర్లించి ఉంది. కుర్చీ కిటికీ వైపు తిప్పే ఉంది.

“ఈ రోజు రాలేదు,” అని రాసింది గూట్లో పిల్లి. దాని కింద వందల మంది రాశారు. ఒంట్లో బాగోలేదేమో. పోట్లాడుకున్నారేమో. ఊరెళ్లాడేమో. మరుసటి వారం కూడా ఒక్క కప్పే. ఆ మర్నాటినుంచీ గడియారం ముళ్లు కదల్లేదు. ఒకసారి కీ ఇస్తే రెండు వారాలు నడిచే గడియారం అది. ఇచ్చే మనిషి రావడం మానేశాడు.

మేనేజరమ్మ ఉబ్బితబ్బిబ్బవుతోంది. ఈ సైటుకి వచ్చినంత జనం కిందటి సైటుకి ఏనాడూ రాలేదట. సైటాయన మాత్రం ఆ ఖాళీ కుర్చీ ఫోటోనే మళ్లీ మళ్లీ తెరిచి చూస్తున్నాడు. మర్నాడు పొద్దున్న కిందికి దిగేసరికి మేనత్త మిషను ముందు కూర్చుని ఉంది. ఒళ్లో బట్ట ఏమీ లేదు. చూపు వీధి తలుపు మీద ఉంది.

“గడియారం ఆగిపోయిందిరా,” అంది.

“కీ ఇవ్వనా అత్తా?” స్టూలు లాగబోయాడు.

“నువ్వు ముట్టుకోకు.”

గట్టిగా ఏమీ అనలేదు. కానీ చిన్నప్పుడు కొత్త బట్ట మీద మసిచేయి వేసినప్పుడు కూడా ఆవిడ అంత కచ్చితంగా అనలేదు. సైటాయన కిటికీ గట్టు దాకా వెళ్లి, తాళంచెవి జేబులో వేసుకుని, వెనక్కి వచ్చి ఎదుటి కుర్చీలో కూర్చున్నాడు. తెగిపోయిన మాట అప్పుడు అతికాడు. కెమెరా, రోజూ ఫోటో, సైటు, కప్పులు, పిల్లి, అన్నీ.

మేనత్త తల ఎత్తి అలమర పైఅర వైపు చూసింది. తరవాత, “ఎంతమంది చూస్తారేం?” అంది.

“చాలామందత్తా.”

“నేను కనిపిస్తానా?”

“లేదు. కప్పులే.”

“కప్పులా? ఆ పెచ్చూడిందా?” ఆవిడ మొహం మాడిపోయింది. “ఇంటికొచ్చిన మనిషికి పెచ్చు కప్పులో టీ ఇస్తానని లోకమంతా అనుకోదూ? అది నాదిరా. ఆయనకి ఎప్పుడూ మంచిదే ఇచ్చాను. ఆ సంగతి వాళ్లకి తెలుసా?”

“తెలుసత్తా. ముందుగా అదే కనిపెట్టారు.”

ఆవిడ మొహం కాస్త తేరుకుంది. “అదేదో బుద్ధిమంతురాలిలా ఉంది ఆ పిల్లి,” అంది. అని, కొంగుతో ముక్కు తుడుచుకుంది. “మరి ఆయనెందుకు రావడం లేదు?”

ఆ ప్రశ్నకి జవాబు సైటులో ఎవరూ రాయలేదు. సైటాయన ఆఫీసుకి ఫోన్ చేసి ఆలస్యమవుతుందని చెప్పి, వీధి మొదటికి నడిచాడు.

వాచీల కొట్టు అంటే ఒక మనిషీ ఒక బల్లా పట్టే గూడు. లోపల గడియారాలన్నీ తలో టైము చూపిస్తున్నాయి. వాచీలాయన కంటికి భూతద్దం బిగించుకుని ఒక చిన్న చక్రాన్ని పట్టకారుతో ఎత్తుతున్నాడు. సైటాయనని చూసి చక్రం జారవిడిచాడు. దాన్ని వెతకడానికి ఇద్దరూ బల్ల కింద దూరారు. ఇబ్బందిగా ఉన్న మాటలు మాట్లాడుకోవడానికి బల్ల కింద బాగానే ఉంటుంది, మొహాలు కనపడవు.

“మీరు వస్తారని అనుకుంటూనే ఉన్నాను బాబూ,” అన్నాడు వాచీలాయన. “ఆమధ్య ఒక అమ్మాయి వాచీకి పట్టీ మార్పించుకుంటూ ఫోన్లో ఫోటో చూపించింది. ఇలాంటి భూతద్దమే కదా తాతా అని. ఇలాంటిదేం ఖర్మ, నాదే. మీ అత్తగారి కిటికీ మీద మరిచిపోయి వచ్చినది.”

“పొరపాటు నాదండీ.”

“పొరపాటేముంది. ఇంట్లో మగవారు, పరాయి మనిషి వస్తుంటే కనిపెట్టి ఉండాలిగా. కెమెరా పెట్టడం న్యాయమే. నేరుగా వచ్చి రావద్దంటే ఇంకా బాగుండేది.”

సైటాయన తల బల్లకి తగిలింది. “మీకోసం పెట్టలేదండీ. గేము కోసం పెట్టాను.”

“ఏం గేము?”

సైటాయన బల్ల కిందే కూర్చుని చెప్పాడు. ఖాళీ ఇల్లని, వస్తువులు చూసి మనుషుల్ని కనిపెట్టాలని, అందుకే మనిషి లేని గది ఫోటో అని. వాచీలాయన అంతా విని, “మరి ఆ గదిలో ఆవిడ ఉందిగా,” అన్నాడు. సైటాయన మళ్లీ నేల తడమడం మొదలుపెట్టాడు.

“చక్రం దొరికింది,” అన్నాడు చివరికి. “మా అత్త గడియారం ఆగిపోయిందండీ. నేను కీ ఇస్తానంటే ముట్టుకోవద్దంది.”

వాచీలాయన చక్రం అందుకుని అరచేతిలో పెట్టుకున్నాడు. “దానికి కీ ఇవ్వడం ఆవిడకి వచ్చు కదా. మొదటి రోజే నేర్పాను. మెల్లగా తిప్పి, బిగుసుకోకముందే ఆపాలి. నాకన్నా బాగా ఆపుతుంది, కుట్టుపని చేసిన చెయ్యి కదా.” ఆ మాట అన్నాక, వచ్చి కూడా ఆవిడ ఎందుకివ్వలేదో ఆయనకే ఆలస్యంగా తట్టినట్టుంది. కంటి భూతద్దం తీసి జేబులో వేసుకున్నాడు. సెలవు రోజు కాకపోయినా కొట్టు తలుపు సగం దించి, “పదండి,” అన్నాడు.

గుమ్మం దాకా వెళ్లాక సైటాయన అలవాటుగా తోసుకుని లోపలికి పోబోయి ఆగాడు. తలుపు తట్టాడు.

“ఎవరూ?” అంది లోపలినుంచి మేనత్త.

“నేనే అత్తా.”

“నువ్వెప్పుడు తలుపు తట్టడం నేర్చుకున్నావ్?” తలుపు తీసి, వెనకాల ఉన్న మనిషిని చూసి, మాట మరిచిపోయింది. తరవాత ఆయనతో అన్న మాట మాత్రం ఇది: “మీ భూతద్దం నా దగ్గరే ఉండిపోయింది. ఇన్నాళ్లూ కళ్లు ఎలా ఊడబొడుచుకుంటున్నారు?”

“ఇంకోటి ఉందండి. అంత మంచిది కాదు,” అన్నాడు వాచీలాయన.

కెమెరా తీసేద్దామని అలమర మీదికి చేయి చాపిన సైటాయన ఫోన్ అప్పుడే మోగింది. మేనేజరమ్మ. తీసేస్తానంటే ఆవిడ ఒప్పుకోవడం లేదు. విడుదల ముందుంది, ఇంత జనం ఉన్నారు, ఇప్పుడు సైటు మూస్తే ఎలా. సైటాయన “అదికాదండి, ఇదికాదండి” అని నసుగుతుంటే మేనత్త విని, మిషను దగ్గర కూర్చుంది. ఒక లేత నీలం బట్టముక్క తీసి, నాలుగు వైపులా మడిచి కుట్టి, పైన ఒక దారం దూర్చింది. అలమర పైఅరకి అడ్డంగా కెమెరా ముందు కట్టేసింది.

“ఊఁ. తీసుకో నీ ఫోటో. ఎన్ని కావాలంటే అన్ని.”

ఆ రోజు సైటులో ఒక పరదా వచ్చింది. మర్నాడూ పరదాయే. మేనేజరమ్మ ఏమంటుందోనని సైటాయన ఫోన్ వైపు చూస్తూ కూర్చున్నాడు. అభిమానులు మాత్రం పరదా మీద పడ్డారు. చేయి తిరిగినవాళ్లు కుట్టిన కుట్టు అన్నారు. ఫోటోల్లో ఉన్న ఆ మిషను మీదే కుట్టారన్నారు. చివరికి గూట్లో పిల్లి రాసింది: “ఇది ఎవరూ లేని ఇల్లు కాదు. లోపల మనుషులున్నారు. చూసింది చాలు, బయటికి పొమ్మంటున్నారు. తలుపు దగ్గరగా వేసి వచ్చేద్దాం. కానీ ఒక్క మాట చెప్పండి, ఆయన మళ్లీ వచ్చాడా?”

జవాబు రాయమంది మేనేజరమ్మ. అధికారికంగా. సైటాయన ఏమీ రాయకుండా ఇంటికొచ్చి, తలుపు తట్టి, మేనత్తని అడిగాడు. గదిలో రెండు కప్పులూ బల్ల మీద ఉన్నాయి. ఆవిడ ఎదుటి కుర్చీ వైపు చూసింది. ఎదుటి కుర్చీలోని వాచీలాయన, విప్పిన వాచీలోంచి తల ఎత్తకుండా, “మీ ఇష్టం,” అన్నాడు.

“గడియారం నడుస్తోందని రాయి,” అంది మేనత్త. “అంతకుమించి వాళ్లకెందుకు.”

సైటాయన మెట్ల మీదే కూర్చుని ఫోన్లో ఆ రెండు మాటలూ సైటులో పెట్టాడు. గడియారం నడుస్తోంది. కింద గదిలోంచి టిక్కుటిక్కు వినిపిస్తోంది. ఇప్పుడు వినకూడదనుకున్నా వినిపిస్తోంది. ఫోటో కింద జనం ఒకరి తరవాత ఒకరు సంతోషపడుతున్నారు. అన్నిటికన్నా అడుగున మూడో మెట్టు ఒక ప్రశ్న పడేసి ఉన్నాడు.

“అన్నట్టు, కిటికీ గట్టు మీద ఎప్పుడో ఒక తాళంచెవి ఉండేది. ఎవరైనా చూశారా?”

సైటాయన జేబు తడుముకున్నాడు.